మన బండి బోల్టు విప్పే అధికారం మనకుందా?

పోయిన వీడియోలో కఠోపనిషత్తులో వచ్చే రథం పోలిక చెప్పుకున్నాం కదా. శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు. చాలామంది సారథి గురించి అడిగారు. నా ఆలోచన మాత్రం చక్రం దగ్గరే ఆగిపోయింది. కారణం సింపుల్. నేను టెక్సస్‌లో ఉంటాను. పాత పికప్ ట్రక్కు ఒకటి ఉంది. ఈ మధ్య రెండు వీకెండ్లు దాని ముందు చక్రాల దగ్గరే కూర్చుని అరిగిపోయిన బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, కంట్రోల్ ఆర్మ్ బుషింగులు నేనే మార్చాను.

పని మొదలుపెట్టే ముందు ఒక ఫ్రెండ్‌తో అన్నాను, "ఇది నేను చెయ్యొచ్చా అని ఆలోచిస్తున్నా రా" అని. వాడు వెంటనే, "నీ బండి, నీ డ్రైవ్‌వే, నీ ఇష్టం. ఇందులో ఆలోచించేదేముంది?" అన్నాడు. వినడానికి కరెక్టుగానే ఉంది. కానీ నాకు ఎక్కడో పట్టేసింది.

బాల్ జాయింట్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్తాను. మన భుజం కీలు లాంటిది. ఒక గిన్నెలో గుండు. చక్రం పైకీ కిందకీ కదలడానికీ, పక్కకి తిరగడానికీ అదే ఆధారం. అది అరిగితే మొదట్లో గతుకుల మీద చిన్న టకటక శబ్దం, టైరు ఒక అంచున ఎక్కువ అరగడం, స్టీరింగ్ కొంచెం అటూ ఇటూ లాగడం. అంతే. బండి నడుస్తూనే ఉంటుంది. పూర్తిగా ఊడిపోతే మాత్రం చక్రం పక్కకి ఒరిగిపోతుంది, ఇక స్టీరింగ్ మన మాట వినదు. హైవే మీద అలా జరిగితే పక్క లేన్లో ఎవరున్నారు? ఆఫీసు నుంచి ఇంటికెళ్తున్న ఒక అమ్మ, వెనక సీట్లో పిల్లలు. బండి నాదే, కానీ రిస్కు వాళ్లది కూడా. వాళ్లని నేను అడగలేదు, వాళ్లు ఒప్పుకోలేదు.

ఇంకో విషయం. టెక్సస్‌లో మామూలు ప్రైవేటు బండ్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. కొన్ని కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది, కానీ అది చూసేది పొగనే, బాల్ జాయింట్లని కాదు. అంటే నా చక్రం గట్టిగా ఉందా లేదా అని నన్ను అడిగే గవర్నమెంటు మనిషి ఎవరూ లేరు. అడిగేవాడు లేనప్పుడు ధర్మం పోతుందా, లేక పూర్తిగా మన మీదే పడుతుందా? పూర్తిగా మన మీదే పడుతుందని నా నమ్మకం.

ఇక్కడే "అధికారం" అనే మాట గుర్తొచ్చింది. గీత 2వ అధ్యాయం 47వ శ్లోకం మనందరికీ నోటికి వచ్చు. అందులో ఉన్న మాట ఇదే. మనం దాన్ని "హక్కు" అని చదివేస్తాం. ఈ రోజుల్లో తెలుగులో అధికారం అంటే పవర్. కానీ శాస్త్రంలో ఆ మాటకి బరువు ఎక్కువ. మీమాంసలో ఒక కర్మ చెయ్యడానికి అధికారి ఎవరు అనేది పెద్ద చర్చ. జైమిని సూత్రాల్లో 6వ అధ్యాయం అంతా దాని గురించే. అక్కడ ముఖ్యంగా చూసేవి మూడు: అర్థి, సమర్థుడు, విద్వాంసుడు. ఫలం కోరేవాడు, చెయ్యగలిగేవాడు, ఎలా చెయ్యాలో తెలిసినవాడు.

ఒక మాట దాచకూడదు. పుట్టుకని బట్టి అధికారాన్ని లెక్కగట్టి ఎంతోమందిని బయట నిలబెట్టిన చరిత్ర కూడా ఈ మాటకి ఉంది. నేను ఆ అర్థం తీసుకోవట్లేదు. అదే మహాభారతంలో మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడు కౌశికుడనే బ్రాహ్మణుడికి ధర్మం బోధిస్తాడు. మూడు గుణాలూ మనిషిలో చూడాలి, ఇంటిపేరులో కాదు. నా ఇంజనీరింగ్ డిగ్రీలో కూడా కాదు. నేను రాసే కోడ్‌కీ బాల్ జాయింట్‌కీ సంబంధం లేదు.

ముందు విద్వాంసుడి సంగతి. బుషింగ్ అంటే లోపల రబ్బరు ఉన్న గొట్టం లాంటిది. బండి జాకీ మీద ఉండి చక్రాలు వేలాడుతున్నప్పుడే దాని బోల్టు పూర్తిగా బిగిస్తే, కిందకి దించగానే ఆ రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. కొన్నాళ్లకి చిరిగిపోతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. ఇది తెలియని మనిషికి బలం ఉన్నా, మంచి టూల్స్ ఉన్నా, పని తప్పే. పైకి మాత్రం నీట్‌గా కనిపిస్తుంది. అందుకే ముందు సర్వీస్ మాన్యువల్ చదవాలి.

తర్వాత సమర్థుడు. జాకీ బండిని లేపడానికి మాత్రమే. మోయడానికి గట్టి నేల మీద జాక్ స్టాండ్లు కావాలి. ప్రతి బోల్టుకీ మాన్యువల్ చెప్పిన అంకెకి బిగించే టార్క్ రెంచ్ కావాలి. ఇక్కడ ఆటో పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ తీసుకుని కొన్ని టూల్స్ ఇస్తారు కాబట్టి అది పెద్ద ఇబ్బంది కాదు. సామర్థ్యం అంటే హద్దు తెలియడం కూడా. సస్పెన్షన్ స్ప్రింగ్ నొక్కిపెట్టి ఉంటుంది. అది జారితే మనిషి ప్రాణం తీయగలదు. ఆ పని నాది కాదు. ఆ ఒక్కటీ, చివర్లో వీల్ అలైన్‌మెంటూ షాపుకే ఇచ్చాను. "ఇక్కడి దాకా నేను, ఇక్కడి నుంచి మీరు" అనడం చిన్నతనం కాదు. అధికారంలో అది సగం.

అన్నిటికంటే కష్టమైనది అర్థి. నీకు అసలు ఏం కావాలి? డబ్బు మిగలడమా? ఇన్‌స్టాలో పెట్టుకోవడానికి రీలా? రోడ్డు మీద అందరూ క్షేమంగా ఉండటమా? ఈ ప్రశ్నకి నిజమైన జవాబు ఒక చిన్న పిన్ను దగ్గర తెలుస్తుంది. బాల్ జాయింట్ నట్టుకి కిరీటంలా గాళ్లుంటాయి. చెప్పిన టార్క్‌కి బిగించాక, బోల్టులో ఉన్న రంధ్రం ఆ గాళ్లకి సరిగ్గా ఎదురుగా రాకపోవచ్చు. కొంచెం వెనక్కి వదులు చేస్తే పిన్ను ఈజీగా దూరుతుంది. కానీ వదులు చెయ్యకూడదు. తర్వాతి గాడి వచ్చేదాకా ఇంకొంచెం ముందుకే బిగించి, కొత్త పిన్ను వేసి, కాళ్లు వంచాలి. సాయంత్రం అయింది, ఒళ్లు నొప్పులు, ఎవరూ చూడట్లేదు. డబ్బు మిగలడమే ఫలం అనుకున్నవాడి చెయ్యి అక్కడ వెనక్కి తిరుగుతుంది, పాత పిన్నే మళ్లీ దూరుతుంది.

యుద్ధంలో దశరథుడి రథానికి శీల ఊడిపోతే కైకేయి తన వేలు అడ్డం పెట్టి కాపాడిందని చిన్నప్పుడు మనందరం విన్న కథే. ఆమెకి వరాలు వచ్చింది ఆ శీల పుణ్యమే అంటారు. మనకి ఆ శీల బదులు పిన్ను ఉంది. వేలు పెట్టక్కర్లేదు, ఓపిక పెడితే చాలు.

కొత్త బండి కొంటే గుడికి తీసుకెళ్తాం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిస్తాం. దసరాకి పనిముట్లకి బొట్టు పెడతాం. పూజ అయ్యాక లోకమంతా సుఖంగా ఉండాలని చెప్పుకుంటాం. ఆ లోకంలో పక్క లేన్లో వాళ్లు కూడా ఉన్నారు. ఆ మాట నిజంగా అనుకుంటే అరిగిన చక్రాన్ని చూసీ చూడనట్టు వదిలెయ్యలేం. "నాకు తెలియదు" అనడం కూడా కుదరదు. చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడటానికి పది నిమిషాలు పడుతుంది. పది నిమిషాల్లో తెలుసుకోగలిగింది తెలుసుకోకపోతే దాన్ని అమాయకత్వం అనరు.

మీకు ట్రక్కు లేకపోవచ్చు. హైదరాబాద్‌లో స్కూటీ బ్రేకులు ఉంటాయి. ఇంట్లో గీజర్ వైరింగ్ ఉంటుంది. అమ్మానాన్నలకి మనమే ఇచ్చే మందుల సలహాలు ఉంటాయి. ఎక్కడైనా మన పని మీద ఇంకొకరి ప్రాణం ఆధారపడితే, చెయ్యి పెట్టేముందు ఈ మూడూ అడుగుదాం. ఏం కోరుతున్నాను? చెయ్యగలనా? నాకు తెలుసా? మూడింటికీ అవును అని వస్తే ధైర్యంగా, శ్రద్ధగా చేద్దాం. ఒక్కదానికి కాదు అని వచ్చినా, తెలిసినవాళ్లకి అప్పగిద్దాం. అది కూడా కర్మయోగమే.

శ్రీకృష్ణార్పణం.