ఊట నీళ్లు అడిగిన ప్రశ్న





విశాఖ నుంచి పాడేరు ఘాటు ఎక్కి మన్యంలోకి ఎప్పుడైనా వెళ్లారా? అక్కడ కొండ వాలులో, బండ సందుల్లోంచి నీళ్లు ఊరుతుంటాయి. చీల్చిన వెదురు బద్ద ఒకటి ఆనిస్తే చాలు, సన్నటి ధార కడుతుంది. గిరిజన గూడేల ఆడవాళ్లు బిందెలు తెచ్చి పట్టుకుపోతారు.

ఆ నీళ్లు ఎక్కడివి? పైన కురిసిన వానవే. చెట్టూ చేమా ఆ వాన ఒక్కసారిగా జారిపోకుండా ఆపుతాయి. నీరు మట్టిలోకి, రాతి పగుళ్లలోకి మెల్లగా దిగి, దారి దొరికిన చోట బయటపడుతుంది. పైన అడవి కొట్టేస్తే కింద ఊట సన్నబడుతుంది. ఇందులో ఏ దేవుడి మహిమా లేదు. కారణం ఉంటే ఫలితం, కారణం పోతే ఫలితమూ పోతుంది. తథాగతుడు చెప్పిన పటిచ్చసముప్పాదం ఇదే కదా!

అలాంటి ఊట దగ్గర నేను చేసిన ఒక తప్పు మీకు చెప్పాలి.

వర్షావాసం ముగిశాక మా విహారం వాళ్లం కొందరం అటు వెళ్లాం. ఎండలో నడిచి నడిచి అందరికీ గొంతులు ఎండిపోయాయి. మాతో పట్నంలో రోడ్లు ఊడ్చే ఒక సోదరి ఉంది. మాతోపాటే త్రిశరణాలు, పంచశీల తీసుకున్న మనిషి. ఆవిడే ముందుగా గ్లాసు నింపి, "తాగన్నా" అని నాకు చాపింది. నా చెయ్యి లేవలేదు. "నా సీసాలో ఉన్నాయమ్మా" అన్నాను. సీసా ఖాళీ. అది ఆవిడా చూసింది. ఏమీ అనలేదు. గ్లాసులో నీళ్లు పక్కనున్న మొక్కకు పోసి తప్పుకుంది.

మా అమ్మ చిన్నప్పుడు ఊరి బావి గట్టు ఎక్కకూడదు. ఎవరో ఒకరు వచ్చి పైనుంచి పోసేదాకా ఖాళీ కుండతో ఎండలో నిలబడేది. ఆ అమ్మ కొడుకునే, మెళ్లో బాబాసాహెబ్ బొమ్మ వేసుకుని, మరొకరి చేతి నీళ్లు తాగనన్నాను! పీడించిన వాడి జబ్బు పీడితుడి నరాల్లోకి ఎలా పాకిందో చూడండి. మెట్ల కులవ్యవస్థ బతికేది ఇలాగే. మన పైమెట్టు మీద కోపం, మన కిందిమెట్టు మీద చులకన.

ఆ రాయి మీద కూర్చుంటే భిక్షు ఆనందుడు గుర్తొచ్చాడు. దాహం వేసి బావి దగ్గర ప్రకృతి అనే పిల్లను నీళ్లడిగాడు. తాను చండాల పిల్లనని ఆమె బెదిరింది. తను అడిగింది కులం కాదు, నీళ్లు అన్నాడాయన. తాగాడు. బాబాసాహెబ్ తన 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఈ ప్రకృతి కథకు చోటిచ్చారు. ఎందుకిచ్చారో ఆయన బాల్యం తెలిస్తే అర్థమవుతుంది. 1901లో తండ్రిని చూడ్డానికి గోరెగావ్‌కు ఎడ్లబండి మీద వెళ్తున్న ఆ పసివాడికి దారిలో తిండి ఉంది, తాగేందుకు మంచినీళ్లు పుట్టలేదు. ఆ పిల్లవాడే 1927 మార్చి 20న మహాడ్‌లో వేలమందిని వెంటపెట్టుకుని చవ్‌దార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగాడు. తరువాత సవర్ణులు పేడా పంచితం కలిపిన కుండలు గుమ్మరించి ఆ చెరువును 'శుద్ధి' చేశారు. కోర్టు కేసు 1937 దాకా నడిచింది. బావులు, చెరువుల దగ్గర కులం పేరుతో అడ్డు పెట్టరాదని రాజ్యాంగం 15వ అధికరణంలో రాసుకున్నాం.

చట్టం బావి గట్టు దాకా తీసుకెళ్తుంది. గ్లాసు అందుకోవాల్సిన చెయ్యి మాత్రం మనదే. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో చేసిన ప్రతిజ్ఞల్లో మనుషులందరూ సమానమని నమ్ముతామని ఉంది. అంతటితో ఆగలేదు, సమానత్వం కోసం పాటుపడతామనీ ఉంది. మొదటిది నేను నోటితో చెప్పాను. రెండోది ఆ ఊట దగ్గర తప్పాను.

లేచి వెళ్లాను. "అక్కా, కాసిని నీళ్లు పొయ్యి" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, "సీసాలోవి అయిపోయాయా అన్నా?" అంది.

"సీసాలో లేవక్కా. అబద్ధం ఆడాను. తప్పు నాది."

గ్లాసు నింపి ఇచ్చింది. తాగాను. ముసావాదా వేరమణి తప్పానని, మైత్రి తప్పానని అందరి ముందూ ఒప్పుకున్నాను.

భిక్షువు దగ్గర ఉండే అష్ట పరిష్కారాల్లో నీళ్లు వడగట్టే గుడ్డ ఒకటి. నీళ్లలోని చిన్న ప్రాణికి కూడా హాని జరగకూడదని. మీరూ ఊట నీళ్లు పట్టుకుంటే వడగట్టండి, ఇంటికొచ్చి మరిగించండి. తేటగా కనిపించినంత మాత్రాన మంచినీళ్లు అనుకోకండి. మన మనసూ అంతే. వందన గాథలు చదివినంతసేపూ తేటగానే ఉంటుంది. అడుగున ఏముందో ఎదుటివాళ్లు గ్లాసు చాపినప్పుడే తెలుస్తుంది.

వచ్చే పున్నమికి మీ వీధిలో మీరు ఎన్నడూ గడప తొక్కని ఇంటికి వెళ్లండి. అడిగి మంచినీళ్లు తాగండి. వాళ్లను మీ ఇంటికి పిలిచి, మీరు తాగే గ్లాసుతోనే ఇవ్వండి. చెయ్యి వెనక్కి లాగితే, ఎందుకు లాగిందో మిమ్మల్ని మీరే అడగండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!