సహజాతం – బాధ్యత: నాగోబా దర్బారు నేపథ్యంలో ఒక విచారణ
మానవ రాజకీయాలకు వానరజాతుల సహజాతాలే పునాది అయితే, అధికారదాహాన్నీ పరాయివారిపై ద్వేషాన్నీ తప్పుపట్టవచ్చునా? పెత్తనం కోసం చింపాంజీలు కూటములు కట్టే తీరును ఫ్రాన్స్ డి వాల్ 1982లో తన 'చింపాంజీ పాలిటిక్స్' గ్రంథంలో వివరించాడు. పోట్లాడుకొన్న చింపాంజీలు తిరిగి చేరువై రాజీపడటాన్ని అంతకుముందే, 1979లో, సహపరిశోధకునితో కలిసి నిరూపించాడు. కనుక మనకు సంక్రమించినది కలహం ఒక్కటే కాదు, సంధి కూడా.

ఈ రెండింటికీ ఇచ్చోడ పరిసరాలు సాక్ష్యమిస్తాయి. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పులకు కుమురం భీం బలైన తరువాత, ఆ తిరుగుబాటు మూలాలను పరిశీలించే పనిని ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆ దశకంలోనే కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు జరిపే నాగోబా జాతరలో దర్బారు మొదలైంది. అధికారులే గిరిజనుల నడుమకు వచ్చి గోడు వినడం దాని ఆశయం. అయినప్పటికీ 1981 ఏప్రిల్ 20న, పొరుగునే ఉన్న ఇంద్రవెల్లిలో, భూమి హక్కుల సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు.

మెదడు పరిణామానికి లక్షల ఏళ్ళు పడుతుంది. దర్బారుకూ కాల్పులకూ నడుమ గడిచినవి నాలుగు దశాబ్దాలైనా కావు. కాబట్టి భేదం మెదడులో లేదు. ఏ సహజాతానికి వ్యవస్థ ఆసనమిచ్చిందన్నదే భేదం. సహజాతం ప్రవృత్తికి కారణం చెప్పగలదు గాని, పాలకుని బాధ్యతను రద్దు చేయజాలదు.