సైనికుని ఋణము

దేవ, ఋషి, పితృ ఋణములతో మానవుడు జన్మించునని మన శాస్త్రములు చెప్పుచున్నవి. సరిహద్దున నొకడు మేల్కొని యుండుటచే మనము నిశ్చింతగ నిద్రించుచున్నాము. ఇదియు ఋణమే.

సైనికునకు జీతము ముట్టుచున్నది గదా, ఇంకను ఋణమేమని కొందరు ప్రశ్నింతురు. జీతము శ్రమకు మూల్యము; ప్రాణమునకు మూల్యము లేదు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు అర్పించినది ఏ జీతముతో సరితూగును?

అట్లయిన ఈ ఋణము తీరు మార్గమేది? 1959లో మొదటి బ్లాస్టు ఫర్నేసు వెలిగిన భిలాయి ఉక్కునగరమున తెలుగువా రనేకులు స్థిరపడిరి. 2022 సెప్టెంబరు 2న నౌకాదళమున చేరిన విక్రాంత్ నౌకకు సుమారు 30,000 టన్నుల ప్రత్యేకపు టుక్కు వలసినది. దాని నందించిన కర్మాగారములలో భిలాయి యొకటి. అట్టి పలకలోని లోపమును చూచియు చూడనట్లు విడిచి, జెండాకు వందన మొనర్చువాని కృతజ్ఞత యెట్టిది? నావికుని ప్రాణము ఆ పలకపై నాధారపడి యున్నది. కావున స్వధర్మమును నిష్కపటముగ నాచరించుటయే సైనికునకు ప్రథమ వందనము.

అమరునకు పూలమాల వేయుట సులభము. ఆతడు మన నేమియు కోరడు. బ్రదికి తిరిగివచ్చినవాడు కోరును. పింఛను కాగితముతో కార్యాలయమున నిలిచిన వృద్ధ సైనికునకు ఆసన మొసగి, ఆతని పనిని నాడే నెరవేర్చుట రెండవ వందనము.

సైనికుని గౌరవించుట యుద్ధమును గౌరవించుట కాదు. శాంతికై ఆతడు చెల్లించిన వెలను మరువకుండుటయే యది. ఆ శాంతిని కలహములతోను, స్వార్థముతోను వ్యర్థపరచువాడు ఋణము నెగవేసినవాడే యగును.