దేవుడు చేసిన సంతకం

క్రీ.పూ. 672లో అస్సీరియా రాజు ఏసర్‌హద్దోన్ తన కొడుకు అష్షూర్‌బనిపాల్‌ను వారసుడిగా ప్రకటించి, సామంతుల చేత ప్రమాణం చేయించాడు. నిమ్రూద్ తవ్వకాల్లో 1955లో దొరికిన ఆ ఒప్పందపు మట్టిపలకల మీద ఒత్తినవి అష్షూర్ దేవుడి ముద్రలు, ఒకటి కాదు, మూడు. వాటిలో అన్నిటికన్నా పాతది అప్పటికే వెయ్యేళ్లు దాటిన, స్తూపాకారపు రాతి ముద్ర. కొత్తది ఏసర్‌హద్దోన్ తండ్రి సెన్నాకెరిబ్ చెక్కించింది: జంతువుల వీపుల మీద నిలబడిన దేవుడూ దేవేరీ, వాళ్ల మధ్య రాజు. ఈ బొమ్మను అలంకారమనో, భక్తికి గుర్తనో అనుకుంటే అసలు సంగతి జారిపోతుంది. తడిమట్టి మీద ఆ రాయి దొర్లినప్పుడు దేవుడు ఆ పత్రంలో కక్షిదారుడవుతున్నాడు. గుడిలోని దేవుడి పేరిట మాన్యాలుండటం, కోర్టులో వ్యాజ్యం నడవటం ఎరిగిన మనకిది మరీ వింతేమీ కాదు.

ఇదంతా రాజు ఆడించిన నాటకమేనని ఎవరైనా అనవచ్చు. ముద్ర దేవుడిదైనా ఒత్తిన చెయ్యి మనిషిదే కదా! నిజమే, లాభం రాజుదే. కానీ ఎదుటివాడు నమ్మని దేవుడితో ఎవరినీ బెదిరించలేం. పైగా బెదిరించడమే పనైతే సెన్నాకెరిబ్ ముద్ర ఒక్కటి చాలు. పాత రాయిని వెతికి తీయనక్కర్లేదు. రాజులు మారినా దేవుడు మారలేదని చెప్పడానికే అది కావలసివచ్చింది. అష్షూర్ ముద్ర ఉన్న పలకను మీ దేవుణ్ణి కాపాడుకున్నట్టు కాపాడుకోవాలని ఒప్పందమే సామంతులను ఆదేశించింది. వాళ్లలో కొందరైనా దాన్ని అక్షరాలా పాటించారు. టర్కీలోని టెల్ తాయినాత్‌లో 2009లో అదే ఒప్పందపు ప్రతి ఒకటి గుడి లోపలి గదిలోనే బయటపడింది.