వద్దు అనడం తెలియని ప్రయాణికులు

పైలట్ లైసెన్సు ఉన్నవాడు కన్నతల్లిని పక్కన కూర్చోబెట్టుకుని హెలికాప్టర్ నడపొచ్చా? చట్టాన్ని అడిగితే నడపొచ్చనే అంటుంది. అమెరికాలో ప్రైవేటు హెలికాప్టర్ లైసెన్సు కావాలంటే తక్కువలో తక్కువ 40 గంటలు ఎగిరి ఉండాలి. అందులో కనీసం 20 గంటలు శిక్షకుడితో, 10 గంటలు ఒంటరిగా. నేర్చుకునే రోజుల్లో ఒంటరిగా ఎగరనిస్తారు గానీ పక్కన ఎవర్నీ ఎక్కించుకోనివ్వరు. లైసెన్సు చేతికొచ్చాక ఎక్కించుకోవచ్చు, కాకపోతే గడిచిన 90 రోజుల్లో కనీసం మూడుసార్లు పైకి లేచి కిందికి దిగి ఉండాలి. ప్రయాణికుల మీద సంపాదించకూడదు, ఖర్చు మాత్రం వాటాలేసుకోవచ్చు. ఎక్కేది అమ్మా, స్నేహితుడా, ఎదురింటాయనా అన్నది చట్టానికి అనవసరం. నాకు మాత్రం అక్కడ పెద్ద తేడానే ఉందనిపిస్తోంది.

ఇది నాకు ఊరికే తోచిన ప్రశ్న కాదు. మాది శంషాబాద్ దగ్గర పాల్మాకుల. 2008లో ఎయిర్‌పోర్టు మొదలయ్యాక మా వైపు ఎవరూ విమానం చప్పుడుకి తలెత్తి చూడటం మానేశారు. హెలికాప్టర్ సంగతి వేరు. మనకది ఎప్పుడూ ఇంకొకరిది. నాయకుడొస్తే దుమ్ము లేపుకుంటూ దిగుతుంది, లేదంటే మేడారం జాతరలో టికెట్ కొనుక్కుని ఎక్కుతాం. దానితో పాటే రెండు తేదీలు కూడా మన జ్ఞాపకంలో ఉండిపోయాయి. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర లోక్‌సభ స్పీకర్ బాలయోగి, 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డి. ఆ రెండోసారి ఒక రాత్రంతా రాష్ట్రం టీవీల ముందు కూర్చుంది.

అలాంటిది, డల్లాస్‌లో నాలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే మా పెద్దమ్మ కొడుకు కిందటేడు హెలికాప్టర్ లైసెన్సు తెచ్చుకున్నాడు. వచ్చే వేసవికి పెద్దమ్మ, పెదనాన్న అక్కడికి వెళ్తున్నారు. ఆఫీసు పనిమీద నేనూ, నాతోపాటు నా భార్య, ఆరేళ్ళ పాప కూడా అప్పుడే వెళ్తాం. "అందర్ని తిప్పుత తమ్మీ" అంటున్నాడు అన్న. నలుగురు పట్టే రాబిన్సన్ ఆర్44 అద్దెకు తీసుకుంటాడట. పెద్దమ్మ అప్పుడే ఊరంతా చెప్పేసుకుంది.

ఇందులో అంత ఆలోచించడానికి ఏముంది, రోజూ బెంగళూరు హైవే మీద పెళ్ళాం పిల్లల్ని కార్లో తీసుకుపోవట్లేదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ రోడ్డు మీద ఎంతమంది పోతుంటారో మా ఊరివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కారు అవసరం, హెలికాప్టర్ సరదా అని తోసిపుచ్చడం కూడా నాకు నచ్చదు. పండక్కి చుట్టాలింటికి పోవడం ఏం అవసరం? సరదా కోసం కొంత ప్రమాదాన్ని ఒప్పుకోని బతుకంటూ ఎక్కడా లేదు.

నా ఇబ్బంది ప్రమాదం ఎక్కువా తక్కువా అన్నదాని గురించి కాదు, అది ఎవరి కంటికి కనపడుతుందన్నదాని గురించి. కారు వెనక సీట్లో కూర్చున్న పెద్దమ్మకి డ్రైవింగ్ రాదు. అయినా లారీ దగ్గరికొస్తే "మెల్లగ పోనియ్ బిడ్డా" అంటుంది. కొడుక్కి కునుకు పడుతుంటే కనిపెట్టి ఛాయ్ దగ్గర ఆపిస్తుంది. రోడ్డు మీద ఆమె భయం, అసలు ప్రమాదం దాదాపు ఒకే చోట ఉంటాయి. కాబట్టి ఆమె కూడా ఆ ప్రయాణానికి ఓ కాపలా.

గాల్లోకి లేచాక భయం ఒక దారి, ప్రమాదం ఇంకో దారి. మలుపులో హెలికాప్టర్ పక్కకి ఒరిగితే ఆమె గుండె జారుతుంది, అది మామూలు విషయం. ఇంజన్ ఆగితే రాయిలా పడిపోతుందనుకుంటుంది. అలా పడదు. ఎడమ చేతి కింద ఉండే కలెక్టివ్ లివర్‌ని పైలట్ వెంటనే దించితే, కిందినుంచి వచ్చే గాలికే రెక్కలు తిరుగుతూ ఉంటాయి, యంత్రాన్ని అదుపులో దించవచ్చు. ఆ పని దాదాపు ఆలోచించే వ్యవధి కూడా లేకుండా జరగాలి. అది అతని చేతికి అలవాటైందో లేదో ఆమెకెలా తెలుస్తుంది? కొండమీద తెల్లటి మబ్బు కమ్ముకుని ఉంటే మాత్రం "ఎంత మంచిగుందో" అంటుంది. అసలు భయపడాల్సింది అక్కడ.

1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. పరికరాలు చూసి నడపడంలో అనుభవం లేని 20 మందిని విమానంలో కూర్చోబెట్టి, బయట ఏమీ కనపడకుండా చేశారు. వాళ్ళు అదుపు తప్పడానికి పట్టిన సగటు సమయం 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా లేదు. కళ్ళకు నేల కనపడకపోతే లోపలి చెవి అబద్ధం చెప్తుంది, మనిషి దాన్నే నమ్ముతాడు.

అనుభవం ఉన్నా నమ్ముతాడు. 2020 జనవరి 26న లాస్ ఏంజెలిస్ దగ్గర కలబసాస్ కొండల్లో కోబీ బ్రయంట్, పదమూడేళ్ళ కూతురు జియానాతో సహా తొమ్మిదిమంది చనిపోయారు. పైలట్‌కి ఎనిమిది వేల గంటలకు పైగా అనుభవం ఉంది. నాలుగు వేల అడుగులకు ఎక్కుతున్నానని కంట్రోలర్‌కి చెప్పాడు, నిజానికి అప్పటికే కిందికి దిగిపోతున్నాడు. మబ్బుల్లోకి పోనిచ్చిన అతని నిర్ణయాన్నే దర్యాప్తు సంస్థ కారణంగా తేల్చింది. ఆ నివేదికలో నన్ను పట్టుకున్న విషయం ఇంకొకటుంది. కంపెనీగానీ క్లయింటుగానీ ఒత్తిడి చేసినట్టు ఆధారాల్లేవు. బహుశా తన మీద తనే తెచ్చుకున్న ఒత్తిడి అన్నారు. ఎవరూ పట్టుబట్టకపోయినా, తనని నమ్మినవాళ్ళని నిరాశపరచలేకపోవడం అనేది ఒకటుంటుంది.

క్లయింటు విషయంలోనే అలా ఉంటే కన్నతల్లి విషయంలో?

నమ్మకం గురించి అనెట్ బేయర్ అనే తత్వవేత్త 1986లో ఒక వ్యాసం రాసింది. ఎదుటివాడు తల్చుకుంటే మనకి కీడు చెయ్యగలడని తెలిసీ, చెయ్యడనుకుని అతని చేతికి చిక్కి ఉండటమే నమ్మకం అన్నట్టుగా వివరిస్తుంది. అంటే నమ్మేది ఎదుటివాడి మంచితనాన్ని. మా పెద్దమ్మ నమ్మకం సరిగ్గా ఇదే. కొడుకు తనకి కీడు తలపెట్టడు, నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ రోటర్‌కి మంచితనంతో పనిలేదు. ఆమె కొడుకు మనసుని నమ్ముతోంది, అక్కడ పరీక్ష అతని చేతులకీ, ఆ పూట అతని బుర్రకీ. డబ్బిచ్చి ఎక్కేవాడైతే అనుమానిస్తాడు, అడుగుతాడు, ఆకాశం చూసి దిగిపోతానంటాడు. తల్లి అడగదు. అడిగితే కొడుకుని తక్కువ చేసినట్టవుతుందేమో అనుకుంటుంది. ఆమె "సరే" అన్నది హెలికాప్టర్ గురించి కాదు, కొడుకు గురించి.

సాఫ్ట్‌వేర్‌లో మన కోడ్‌ని ఇంకొకరు చూడందే ముందుకి పంపం. చూసేవాడికి మనమంటే ఇష్టం ఉండొచ్చు, కానీ తప్పు పట్టగలిగేంత తెలిసి ఉండాలి. కుటుంబంతో ఎగిరే పైలట్‌కి ఆ రెండో మనిషి లేడు. విమానం నిండా మనవాళ్ళే ఉన్నా నిర్ణయంలో అతను ఒంటరి. ఏమీ కాకుండా దిగితే చాలు, ఆ నిర్ణయం మంచిదైపోతుంది. మబ్బు అంచున అదృష్టం బాగుండి బయటపడినా సరే, అందరూ చప్పట్లే కొడతారు. వచ్చేసారి ఇంకాస్త దగ్గరగా పోవడానికి అదే ధైర్యం.

అలాగని ఎక్కించుకోవద్దనను. జీతంలో మిగిల్చి, శనివారాలు ధారపోసి నేర్చుకున్న విద్యని తల్లికి చూపించుకోవాలనుకోవడం తప్పెలా అవుతుంది? ఆమెకీ అది మళ్ళీ రాని రోజు. ఆమెకి తెలియదు కాబట్టి ఆమె తరఫున మనం వద్దనేస్తే, పెద్దవాళ్ళని పిల్లల్ని చేసినట్టే. కానీ ఆమె అనలేని "వద్దు" ఎవరో ఒకరు అనాలి కదా. ఆ పని పైలట్‌దే, అదీ ఎక్కించుకోకముందే. మబ్బు ఎంత కిందికుంటే వెళ్ళకూడదు, గాలి ఎంతుంటే వెళ్ళకూడదు, ముందురోజు ఎన్ని గంటలు నిద్రపోయి ఉండాలి, ఇవన్నీ తల్లి కొత్తచీర కట్టుకుని పార్కింగ్‌లో నిలబడక ముందే రాసిపెట్టుకోవాలి. ఆమె మొహం చూశాక వేసుకునే లెక్క లెక్క కాదు.

అందుకే అన్నకి ఫోన్ చేసినప్పుడు ఎన్ని గంటలు ఎగిరావని అడగలేదు. లైసెన్సొచ్చాక అంతా సిద్ధం చేసుకుని ఎన్నిసార్లు మానుకున్నావని అడిగాను. కాస్త ఆగి, నాలుగుసార్లన్నాడు. మూడుసార్లు వాతావరణం. ఒకసారి రాత్రి ఆఫీసు కాల్ రెండింటిదాకా సాగి నిద్ర చాలలేదట. ఆ రోజు ఎక్కాల్సిన ఫ్రెండు నెలరోజులు మాట్లాడలేదని నవ్వాడు. అతని లాగ్‌బుక్‌లో ఆ నాలుగు రోజులూ ఉండవు. నాకు మాత్రం వాటివల్లే ధైర్యం వచ్చింది.

ఆ ఫ్రెండు గురించి తర్వాత ఆలోచించాను. పైలట్ వద్దన్నప్పుడు మన మొహాలు ఎలా పెడతామన్నది కూడా ఇందులో భాగమే. మన అలక అతని మీద బరువు, ఆ బరువే వచ్చేసారి మబ్బుల్లోకి తోస్తుంది. అందుకని పెద్దమ్మకి ఇప్పట్నుంచే చెప్తున్నాను: ఆ రోజు పోతమో లేదో తెల్వదు, ఊర్లో మరీ అంతగా చెప్పకు. పాపకి కూడా, హెలికాప్టర్ లేకపోతే జూ అని చెప్పాం. ఏదైనా సరే అంది. నిజంగా ఏదైనా సరే అనిపించేలా ఆ జూ గురించి ఇప్పట్నుంచే ఊరించాలి.