తృప్తి ఎవరికి చెప్పాలి?

డిసెంబర్ వచ్చిందంటే మెదక్‌లో బట్టలు కుట్టేవాళ్లకు కంటి మీద కునుకుండదు. నెల మొదట్లోనే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. బడిలో ఒకరోజు, ఆఫీసులో ఒకరోజు, వాడలో ఒకరోజు. ఒకచోట కట్టిన చీర ఇంకోచోట కట్టుకోబుద్ధి కాదు. ఆ తర్వాత పెద్ద పండుగ, దాని వెనకే ముప్పై ఒకటో తారీఖు రాత్రి ఆరాధన, తెల్లారి కొత్త సంవత్సరం ఆరాధన. రాందాస్ చౌరస్తాకు కొంచెం ఎడంగా మా ఇంటి ముందు గదే నా దుకాణం. 'ఇరవై తర్వాత బట్టలు తీసుకోము' అని అట్టమీద రాసి గోడకు తగిలిస్తాను. ఆ అట్ట కిందనే నిలబడి, ఇరవై రెండో తారీఖున సంచి విప్పేవాళ్లకు కొదవ లేదు.

ఇదే నెలలో మందిరంలో ఎక్కువగా వినపడే మాట తృప్తి. కొత్త బట్టలు పండుగ కాదు, కేకు పండుగ కాదు, ఇంటిమీద వెలిగే స్టారు పండుగ కాదు, దేవుడిచ్చినదానితో తృప్తిపడండి అని చెబుతారు. మంచి మాటే. కాకపోతే ఊరంతా దాన్ని అక్షరాలా పాటిస్తే జనవరిలో నా ఇంటి కరెంటు బిల్లు ఎవరు కడతారన్నది నా చింత. నవ్వుకు అంటున్నా గాని, ఇందులో అసలు ప్రశ్న ఒకటుంది. ఒకే ప్రసంగం విని వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు నా మిషన్ ముందు నిలబడితే, ఆ మాట ఇద్దరికీ ఒకేలా వర్తిస్తుందా?

ఒకామె నాలుగు జాకెట్లు తెస్తుంది. రెండింటికి మగ్గం వర్క్, ఒకదానికి పైపింగ్, ఒకదానికి వీపున దారాలు. కిందటేడు కుట్టినవి బీరువాలో మడత విప్పకుండా ఉన్నాయని తనే చెబుతుంది. ఇంకొకామె పాపన్నపేట వైపు ఊరి నుంచి వస్తుంది. బీడీలు చుడుతుంది, నాట్లప్పుడు కూలికి పోతుంది. కౌలుకు చేసిన మడిలో పండిన వడ్లు సెంటర్‌కు పోయినయి, పైసలు ఇంకా బ్యాంకులో పడలేదు. "అక్కా, ఒక్క చీరనే. దీని మీదికి జాకెట్ మంచిగ కుట్టు, రెండేండ్లు రావాలె" అంటుంది. అందుకని లోపల గుడ్డ ఎక్కువ వదిలి కుడతాను, ఒళ్లొస్తే విప్పుకోవచ్చు. తృప్తి గురించిన ప్రసంగం మొదటామె చెవిలో పడి పక్కకు జారిపోతుంది. రెండో ఆమెకు మాత్రం అది తిట్టులాగా తగులుతుంది. ఏడాదికి ఒక్క చీర కోరుకున్నందుకు తనలో ఏదో ఆశ ఎక్కువైందేమో అనుకుంటుంది.

మా అమ్మమ్మ ఈ మాటను వేరే నోట విన్నది. ఆమె చిన్నప్పుడు మా వాళ్లు దొర ఇంటికి వెట్టికి పోయేవాళ్లు. పండుగకు దొర ఇంటి నుంచి చినిగిన చీరలు, చొక్కాలు వచ్చేవి. ఉన్నదాంట్లో బతకడం నేర్చుకోవాలె అని అక్కడ కూడా చెప్పేవాళ్లట. ఇంకొకరు విడిచిన బట్ట కాకుండా, తన కోసం కొన్న ముతక నూలు చీర మొదటిసారి కట్టుకున్నది క్రిస్మస్ నాడేనని అమ్మమ్మ చెప్పేది. మాల మాదిగ వాడల్లో ఈ పండుగకు కొత్త బట్ట ఎందుకంత ముఖ్యమైందో తెలియాలంటే ఆ పాత చీరలను గుర్తుంచుకోవాలి. ఆ బట్ట కట్టుకుని గుడిలో నిలబడటం వాళ్లకు సోకు కాదు, తామూ మనుషులమేనని నలుగురిలో చెప్పుకోవడం.

అందుకే తృప్తి అనే ఈ మాట వేదంలో ఎవరు, ఎవరితో అన్నారో నేను పట్టి చూశాను. ఆగమన ఆదివారాల్లో మాకు బాప్తిస్మమిచ్చే యోహాను గురించి చదువుతారు. లూకా సువార్త మూడో అధ్యాయంలో జనం ఆయన దగ్గరికి వచ్చి, మేమేం చేయాలని అడుగుతారు. ఆయన మూడు రకాల మనుషులకు మూడు జవాబులు చెబుతాడు. మామూలు జనానికి, రెండు అంగీలుంటే లేనివాడికి ఒకటి ఇమ్మంటాడు, తిండి విషయంలోనూ అంతే చేయమంటాడు. పన్నులు వసూలు చేసేవాళ్లకు, నిర్ణయించినదానికంటే పైసా ఎక్కువ తీసుకోవద్దంటాడు. సిపాయిలకు, బెదిరించి గుంజుకోవద్దు, అబద్ధపు నింద వేయొద్దు, మీ జీతంతో తృప్తిపడండి అంటాడు. తృప్తి అన్న మాట ఇక్కడ సిపాయిలకు పడింది. చేతిలో ఆయుధం ఉండి, కావాలంటే ఎవడి ఇంట్లోనైనా జొరబడి తీసుకోగలిగినవాళ్లకు. అంగీ లేనివాడికి తృప్తిపడమన్న ఉపదేశం ఆ రోజు యోహాను చేయలేదు. వాడికి అంగీ ఇప్పించే పని చూశాడు.

ఈ మూడు జవాబులూ నా దుకాణంలోకి నడిచి వచ్చాయి. మొదటిది అంగీల లెక్క. డిసెంబర్‌లో మా గుడిలోని స్త్రీల మైత్రి సంఘం బట్టలు పోగుచేసి పంచుతుంది. హుక్స్ ఊడినవి, చంకలో చినిగినవి, రంగు వెలిసినవి చాలా వస్తాయి. బాగుచేయడానికి నా దగ్గరికే పంపుతారు కాబట్టి నాకు తెలుసు. యోహాను చెప్పింది రెండింటిలో ఒకటి. పాతది అనలేదు, పనికిరానిది అనలేదు. ఇచ్చిన తర్వాత ఇచ్చినవాడి దగ్గర ఒకటే మిగులుతుంది, తీసుకున్నవాడి దగ్గరా ఒకటే ఉంటుంది. అప్పుడు ఎవరు దాత, ఎవరు దీనుడు అని బట్ట చూసి చెప్పలేము. ప్రభుత్వం క్రిస్మస్‌కు బట్టల ప్యాకెట్లు పంచిన ఏళ్లలో ఇంకో సంగతి చూశాను. గుడ్డ ఉచితంగా వచ్చింది, కుట్టుకూలి ఎక్కడి నుంచి తేవాలని చాలామంది ఆ జాకెట్ గుడ్డను అట్లాగే పెట్టెలో దాచుకున్నారు. సగం దాకా వచ్చి ఆగిన దానం అది. మిగతా సగం కుట్టగలిగినవాళ్ల బాకీ.

రెండో జవాబు రేటు గురించి. పండుగ ముందర కుట్టుకూలి పెంచినా ఎవరూ ఎదురుచెప్పరు. ఎందుకంటే వాళ్లకు వేరే దారి లేదు. రాత్రంతా మేల్కొని కుట్టినదానికి కూలి అడగడం తప్పని నేననుకోను. నా నడుము నొప్పికి వెల లేకపోతే ఎట్లా? ఎదుటి మనిషికి గత్యంతరం లేదని తెలిసి, ఆ లేకపోవడాన్నే వెల కట్టడం వేరే సంగతి. యోహాను పన్ను వసూలుదార్లను అడ్డుకున్నది అక్కడే. నవంబర్ రేటే నాకు డిసెంబర్ రేటు. మగ్గం వర్క్ కావాలని చివరి నిమిషంలో వచ్చేవాళ్లకు మొహమాటం లేకుండా అయ్యే పని కాదంటాను. ఒక్క జాకెట్ తెచ్చినామెది ముందు తీస్తాను.

మూడోది నాకు అన్నిటికంటే దగ్గరిది. దర్జీ దగ్గర మిగిలిన గుడ్డ ఎటుపోతుందో దర్జీకి తప్ప ఎవరికీ తెలియదు. మీటరు సరిపోతుందో లేదో చెప్పేది టేపు పట్టుకున్నదే. పట్టుకున్న చేతికి చిన్నదో పెద్దదో ఒక అధికారం ఉంటుంది. మిల్లులో తరుగు తీసే చేతికి, వడ్డీ లెక్క రాసే చేతికి, హాజరు వేసే చేతికీ అంతే. యోహాను మాట ఆ చేతుల కోసం. మిగిలిన ముక్కలను నేను అదే సంచిలో మడిచి పెట్టి ఇస్తాను. ఆ ముక్కలతో ఇంట్లో చంటిపిల్లకు టోపీ అయినా అవుతుంది.

మరి పౌలు సంగతేంటని మా బైబిలు క్లాసులో ఒకాయన అడిగాడు. పౌలు తృప్తి గురించి పేదలకూ చెప్పాడు కదా అని. ఫిలిప్పీ పత్రిక నాలుగో అధ్యాయం పదమూడో వచనం మా మెదక్‌లో ఆటోల వెనక, ట్రాక్టర్ల మీద, పిల్లల పరీక్ష అట్టల మీద కనబడుతుంది. దానికి ముందున్న రెండు వచనాలను ఎవరూ రాయించుకోరు. అక్కడ పౌలు కడుపు నిండినప్పుడు ఎట్లా ఉండాలో, ఆకలైనప్పుడు ఎట్లా ఉండాలో తాను నేర్చుకున్నానంటాడు. ర్యాంకుల గురించీ, కొత్త ట్రాక్టరు గురించీ కాదు ఆ అధ్యాయం. ఆయన డేరాలు కుట్టి బతికిన మనిషి. సూది పట్టినవాడు కాబట్టి నాకు ఆయన మీద చనువెక్కువ. ఆ ఉత్తరం రాసేటప్పుడు సంకెళ్లలో ఉన్నాడు. ఫిలిప్పీవాళ్లు ఎపఫ్రొదితు చేత పంపిన సాయం అందిందని, అది మంచి పని చేశారని అందులోనే రాశాడు. తనకేమీ అక్కరలేదని చేయి వెనక్కి తీసుకోలేదు. కాబట్టి తృప్తి ఉన్నవాడు అడగకూడదు, తీసుకోకూడదు అనే లెక్క పౌలు దగ్గర నిలవదు. ఇంకొకటి, పౌలు ఆ మాట తన గురించి చెప్పుకున్నాడు. నా ఆకలిలో నేను తృప్తిగా ఉన్నానని చెప్పుకోవడం సాక్ష్యం. పక్కవాడి ఆకలిలో వాణ్ని తృప్తిగా ఉండమనడం సాక్ష్యం కాదు.

ఆకలితో ఉన్నవాడికి ముందు ఏమివ్వాలన్న ఈ ప్రశ్న మా మెదక్ గుడి కథలోనూ ఉంది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన వెస్లియన్ మిషనరీ చార్ల్స్ వాకర్ పోస్నెట్ 1914లో పని మొదలుపెట్టించాడు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. రెండు వందల అడుగుల పొడవు, నూరడుగుల వెడల్పు, నూటడెబ్బై అయిదు అడుగుల గోపురం. ఇంత కరువు నేలలో అంత గుడి ఎందుకని అడిగే హక్కు ఎవరికైనా ఉంది. మా పెద్దలు చెప్పుకునే జవాబు ఒకటే. ఆకలితో వచ్చినవాళ్లకు పని దొరికింది, పనికి తిండి దొరికింది. ఈ కథలో నాకు నచ్చేది గోపురం ఎత్తు కాదు. కరువులో వచ్చినవాడికి ఉపదేశం కంటే ముందు పని ఇచ్చారు. రాళ్లు మోసినవాళ్ల మనవరాళ్లు ఇవాళ ఆ గచ్చుమీద చెప్పులు విప్పి కూర్చుంటున్నారు. 2024లో నూరేళ్ల పండుగ జరిగినప్పుడు ముఖ్యమంత్రి కూడా వచ్చారు. నేను మాత్రం జనంలో తిరిగే బట్టల మీద నా కుట్టు ఎక్కడెక్కడ ఉందో చూసుకున్నాను. క్రిస్మస్ నాడు మా గుడికి అన్ని మతాలవాళ్లూ వస్తారు. కొవ్వొత్తి వెలిగించి మొక్కుకుంటారు. వాళ్ల మీద కూడా నా కుట్టు కనబడుతుంది.

ఆ గుడిలో మూడు రంగుటద్దాల కిటికీలున్నాయి. మూడూ లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీవి. బలిపీఠం వెనక ఆరోహణం, పడమట జననం, తూర్పున సిలువ. తెల్లవారుజామున ఆరాధన మొదలయ్యేసరికి బయట చీకటి కాబట్టి మూడూ నల్లగానే ఉంటాయి. పొద్దు పొడిచాక మొదట రంగు తేరేది తూర్పుది. అంటే క్రిస్మస్ నాడు కూడా వెలుగు ముందు సిలువ మీద పడుతుంది, పుట్టిన బిడ్డ కిటికీ నిండుగా వెలగడానికి పొద్దు పడమటికి తిరగాలి. అది చూసినప్పుడల్లా నాకు సిలువ కింది సిపాయిలు గుర్తొస్తారు. యేసు బట్టలు నలుగురూ పంచుకున్నారు. పైనుంచి కిందిదాకా కుట్టు లేకుండా నేసిన అంగీని చింపడం ఇష్టంలేక చీట్లు వేసుకున్నారు. మంచి నేత విలువ తెలిసినవాళ్లే. యోహాను ఏ సిపాయిలకు జీతంతో తృప్తిపడమన్నాడో, ఆ కోవవాళ్లే ఒంటిమీది గుడ్డ కూడా వదల్లేదు. పొత్తిగుడ్డల్లో చుట్టి పడుకోబెట్టిన బిడ్డ చివరికి అది కూడా లేకుండా పోయాడు. తీసుకోగలిగినవాడికి తృప్తి లేకపోతే జరిగేది ఇదే. తృప్తి లోపల ఎవరికి వారు అనుభవించే మనశ్శాంతి అనుకుంటాం గాని, మన తృప్తి వల్ల మొదట బాగుపడేది ఎదుటివాడు.

అందుకని ప్రసంగం చేసే అయ్యగార్లకు ఒక మనవి. తృప్తి గురించి తప్పకుండా చెప్పండి. చెప్పేటప్పుడు చూపు మాత్రం మాలాంటివాళ్ల మీద పెట్టండి. కొలిచేవాళ్లు, తూచేవాళ్లు, అప్పిచ్చేవాళ్లు, బీరువా తలుపు పడనివాళ్లు. ఏడాదికొక్క చీర కొనుక్కున్నామెకు చెప్పాల్సిన మాట వేరే ఉంది, అదీ లూకాలోనే ఉంది. రాత్రిపూట మంద కాస్తున్న గొర్రెల కాపరులను దేవదూత తృప్తిపడమని అనలేదు, వాళ్లకు సంతోషవార్త చెప్పాడు. తృప్తి మాట కత్తి పట్టినవాళ్లకు వచ్చింది. కత్తెర పట్టినదాన్ని కాబట్టి అది నాకూ వర్తిస్తుంది.