తలుపు సందు

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు దగ్గర్లో ఒక ఉమ్మడి కుటుంబం ఉండేది. ఊరికి రెండో ముంబయి అని పేరు తెచ్చిన ఆ బంగారు పనిలోనే ఇంటి పెద్దాయన చూపు మందగించేదాకా బతికాడు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు. పెద్దకోడలిది జమ్మలమడుగు, చిన్నకోడలిది పులివెందుల. వంటిల్లు ఒకటే. అందులో సింగిల్ డోర్ ఫ్రిజ్ కూడా ఒకటే.

ఎండలు పోయి వానలు పట్టాక ఫ్రీజర్‌లో ఐసు పేరుకోవడం మొదలైంది. మొదట తెల్లటి పొర, తర్వాత బొటనవేలి మందం. చివరికి ఫ్రీజర్ కింద పాలు పెట్టుకునే చిల్ ట్రే ఎంత లాగినా కదల్లేదు. పాల ప్యాకెట్లు లోపల, కాఫీకి ఎదురుచూసేవాళ్లు బయట.

“కాగే సాంబారు గిన్నె అట్లనే లోపల పెడితే ఆవిరి యాడికి పోతాదక్కా?” అంది చిన్నకోడలు.

“మీ అమ్మోళ్లు పంపిన చీనీకాయలు కడిగి, తడి తుడవకుండానే కుక్కింది ఎవురు?” అంది పెద్దకోడలు.

రెండు మాటల్లోనూ నిజముంది. గిన్నె ఆవిరైనా, కాయల చెమ్మయినా చివరికి చేరేది ఫ్రీజర్ గోడకే. లోపల అన్నిటికన్నా చల్లని చోటు అదే గనక అక్కడే ఐసై అతుక్కుంటుంది. నిజం ఉంది కాబట్టే ఇద్దరూ తగ్గలేదు. వారం తిరిగేసరికి పై అర ఒకరిది, కింది అర ఇంకొకరిది అయింది. మాటలు అవసరానికే.

ఒకరోజు పెద్దకోడలు రెండు చేతులా పట్టుకుని ట్రేను గుంజింది. ముందు పట్టీ ఫట్‌మని విరిగి చేతికొచ్చింది. అది చూసి చిన్నకోడలు కత్తి తెచ్చి ఐసును పొడవబోయింది. పెద్దాయన గడప దగ్గర నుంచే ఆపాడు.

“ఆగమ్మా, కత్తి పెట్టొద్దు. టంకమేసిన అతుకు ఊడదీయాలంటే మేమెప్పుడన్నా గుంజినామా? గుంజితే తీగె తెగుతాది, అతుకట్లనే ఉంటాది. తగినంత వేడి తగిలితే అదే ఇడుస్తాది.”

ఆయనకు ఫ్రిజ్‌లో ఏముంటుందో తెలియదు. అయినా ఆ మాట ఇంటిని కాపాడింది. ఈ రకం ఫ్రిజ్‌లలో ఫ్రీజర్ గోడ పలచటి అల్యూమినియం రేకు. గ్యాసు పారే సన్నని దారులు ఆ రేకులోనే ఉంటాయి. కత్తిమొన దిగితే గ్యాసంతా పోతుంది, ఫ్రిజ్ చల్లబడదు. పైగా ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో వాడే ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్, అంటుకునే గ్యాసు.

ప్లగ్గు తీశారు. తలుపు బార్లా తెరిచి, కింద పాతగుడ్డలు పరిచారు. ఫ్రీజర్‌లో మడత గుడ్డ వేసి దానిమీద వేడినీళ్ల గిన్నె పెట్టారు. నీళ్లు చల్లారితే మార్చారు. కాసేపటికి ఐసు పలకలు పలకలుగా జారింది. ట్రే వేలితో లాగితే వచ్చేసింది.

“కరిగింది సరే. ఇంత తడి యాడ్నుంచి వచ్చినట్టు?” అన్నాడు పెద్దాయన. అంగడి పక్కన మెకానిక్కు ఎవరికో చేసి చూపిస్తుంటే చూసిన కిటుకు గుర్తొచ్చి, జేబులోంచి పది రూపాయల నోటు తీశాడు. నోటు సగం లోపల, సగం బయట ఉండేట్టు తలుపు వేసి లాగి చూశాడు. పైన బిగిసింది. పక్కన బిగిసింది. కింద, కీలు వైపు మూలలో మాత్రం ఏ పట్టూ లేకుండా చేతిలోకి వచ్చేసింది.

కోడళ్లిద్దరూ కింద కూర్చుని వంగి చూశారు. రబ్బరు మడతలో ఎప్పటిదో దోసెపిండి ఎండి గట్టిపడింది. ఆ మూలన రబ్బరు లోపలికి ముడుచుకుని ఉంది. గోరు దూరేంత సందు. రాత్రింబగళ్లు వానగాలి అందులోంచే లోపలికి పోతోంది. అది చాలదన్నట్టు మే నెల ఎండలకు చివరి అంకెకు తిప్పిన నాబు ఇంకా అక్కడే ఉంది.

చిన్నకోడలు గోరువెచ్చటి సబ్బునీళ్లు తెచ్చింది. “ఆ మడత ఇట్ల ఇప్పి పట్టుకోక్కా” అంది. పెద్దకోడలు పట్టుకుంది.

నీతి: ఇంట్లో ఏదైనా బిగుసుకుపోతే మనం ముందు మనిషిని వెతుకుతాం. దొరికిన మనిషిలో ఎంతో కొంత తప్పు ఉండనే ఉంటుంది, అందుకే వెతకడం అక్కడితో ఆగిపోతుంది. సగం నిజం చేతికి దొరికాక మిగతా సగం కోసం వంగి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. ఈ ఇంట్లో సాంబారుదీ తప్పే, చీనీకాయలదీ తప్పే. కానీ ఆ రెండూ మానేసినా సందు అలాగే ఉంటే ఐసు మళ్లీ కట్టేది, అప్పుడు నింద వేయడానికి ఇంకో కారణం దొరికేది. ట్రేను గుంజినంత కాలం ఎవరికీ సందు కనబడలేదు. ప్లగ్గు తీసి, కరిగేదాకా ఆగిన తర్వాతే “యాడ్నుంచి వచ్చింది” అని అడగడానికి ఆ ఇంట్లో వీలు దొరికింది. అడిగింది కూడా ఏ పక్షంలోనూ లేని మనిషి. ప్రతి ఇంట్లోనూ అలాంటివారు ఒకరు ఉండాలని మనసారా కోరుకుంటాను.

మీ ఇంట్లో ఐసు అర సెంటీమీటరు మందం దాటనివ్వకండి. ఆ మందం పెరిగేకొద్దీ చల్లదనం కిందికి సరిగా అందదు, కంప్రెసర్ ఎక్కువసేపు నడుస్తుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. చాలా సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో నాబు మధ్యలో డీఫ్రాస్ట్ బటన్ ఉంటుంది, రాత్రి నొక్కి పడుకుంటే సరిపోతుంది. రబ్బరు కడిగాక కూడా నోటు జారుతుంటే రబ్బరు మార్పించాలి, మెకానిక్కుకు ఫ్రిజ్ మీద అంటించిన స్టిక్కర్‌లోని మోడల్ నంబరు చెబితే సరిపోయేది తెస్తాడు. డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో అసలు ఇలా ఐసు కట్టకూడదు. అందులో ట్రేలు బిగుసుకుంటుంటే, తలుపు రబ్బరు బాగానే ఉంటే, లోపల కరిగిన నీళ్లు వెనక్కి పోయే గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు, లేదా ఐసు కరిగించే హీటరు పనిచేయకపోయి ఉండొచ్చు. ఆ పని మెకానిక్కుకే వదిలేయండి.